ఇంటి పన్నులో ఎనిమిది పైసలు.. గ్రంథాలయానివే!
పన్ను కట్టే ప్రతి ఇంటికీ పుస్తకంపై హక్కు

ఇస్మాయిల్‌ఖాన్‌పేట (సంగారెడ్డి): గ్రంథాలయం ప్రభుత్వం దయతో నడిచే సంస్థ అని చాలామంది భావన. పుస్తకాలు లేకపోయినా, పత్రికలు రాకపోయినా, తలుపులు తెరవకపోయినా ‘ఉచితంగా ఇచ్చేదాన్ని ఏమని అడుగుతాం’ అని సరిపెట్టుకుంటారు. వాస్తవం ఇందుకు పూర్తిగా భిన్నం. గ్రంథాలయం ఉచితం కాదు. ఇంటి పన్ను చెల్లించే ప్రతి కుటుంబం దాని ఖర్చును ముందుగానే భరిస్తోంది. పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట మొదలుకొని పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం వరకు ఉన్న పల్లెలన్నింటికీ ఇదే నియమం వర్తిస్తుంది. ఆ పైసలు ఎక్కడికి వెళ్తాయి, వాటితో ఏమేమి పొందవచ్చు, ఎవరిని అడగాలి అన్నది తెలుసుకుంటే ఊరి గ్రంథాలయం రూపురేఖలు మారడానికి అవకాశముంది.

చట్టం ఏం చెబుతోంది?

స్వాతంత్ర్యానంతరం దేశంలో మొదటి పౌర గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రం 1955లో తన చట్టాన్ని తెచ్చుకుంది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం రూపొందింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ దీనినే స్వీకరించింది. ఈ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ ఉంటుంది. జిల్లా కేంద్ర గ్రంథాలయం, దాని కింద శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు ఈ సంస్థ ఆధ్వర్యంలోనే నడుస్తాయి.

సంస్థకు ప్రధాన ఆదాయ వనరు గ్రంథాలయ పన్ను. దీనినే వాడుకలో ‘లైబ్రరీ సెస్సు’ అంటున్నారు. దీన్ని నేరుగా వసూలు చేసే యంత్రాంగం సంస్థకు లేదు. గ్రామ పంచాయతీలు, పురపాలక సంఘాలే ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేసి, ఆ మొత్తాన్ని సంస్థకు జమ చేయాలి. అంటే పంచాయతీ ఇక్కడ కేవలం మధ్యవర్తి. ఆ సొమ్ము పంచాయతీది కాదు, పాఠకులది. వీధి దీపాలకో, మురుగు కాల్వలకో దాన్ని మళ్లించడానికి వీలు లేదు.

లెక్క ఇలా..

ఒక ఇంటికి ఏడాదికి రూ.1,000 పన్ను ఉంటే, అందుపై గ్రంథాలయ పన్ను రూ.80 అవుతుంది. ఇది చిన్న మొత్తంగానే కనిపిస్తుంది. కానీ ఊరంతటికీ లెక్క వేస్తే అసలు విషయం బోధపడుతుంది. ఉదాహరణకు 600 ఇళ్లున్న గ్రామంలో సగటున ఇంటికి రూ.500 పన్ను అనుకుందాం. మొత్తం పన్ను రూ.3 లక్షలు. గ్రంథాలయ పన్ను రూ.24,000. ఒక్కో పుస్తకం ధర రూ.200 అనుకుంటే 120 పుస్తకాలు. పదేళ్లు గడిస్తే 1,200 పుస్తకాలు. ఒక పల్లెకు ఇంతకంటే మంచి ఆస్తి మరొకటి ఉండదు.

అయితే వసూలైన పన్ను సంస్థ ఖాతాకు సకాలంలో చేరితేనే ఈ లెక్క నిజమవుతుంది. గ్రంథాలయ పన్ను బకాయిలు తెలుగునాట పాత సమస్య. స్థానిక సంస్థల నుంచి సొమ్ము రాకపోతే ముందుగా ఆగేవి కొత్త పుస్తకాలు, ఆ తరువాత పత్రికలు. పాఠకుడికి కనిపించేది ఖాళీ బల్ల మాత్రమే. దాని వెనుక ఉన్న బకాయి ఎవరి కంటా పడదు. పారిశ్రామిక ప్రాంతంలో పల్లెలు పట్టణాలుగా మారుతున్నాయి. కొత్త ఇళ్లు, గోదాములు, దుకాణాలు వెలుస్తున్నాయి. పన్ను పెరిగే కొద్దీ అందులోని గ్రంథాలయ వాటా కూడా పెరుగుతుంది. గ్రామం పురపాలక సంఘంలో కలిసినా ఈ బాధ్యత తొలగిపోదు. కనుక ఈ ప్రాంతంలో గ్రంథాలయాలు మరింత బలపడవలసి ఉంది.

అనుమతి అడిగిన కాలం నుంచి..

పుస్తకాన్ని ఊరి హక్కుగా భావించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నిజాం పాలనలో ప్రభుత్వ భాష ఉర్దూ. తెలుగు పుస్తకం దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు దాని స్థాపకులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చాయి. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం గ్రంథాలయాల స్థాపనను తన ఆశయాల్లో ఒకటిగా చేర్చుకుంది. మాడపాటి హనుమంతరావు ఈ కృషికి వెన్నెముకగా నిలిచారు.

ఆ ఉద్యమం సంగారెడ్డి సమీపంలోని జోగిపేటలో కీలక మలుపు తిరిగింది. 1930 మార్చిలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశం అక్కడే జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. అదే సందర్భంలో జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. సభ జరపాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న కాలమది. అక్షరం నేర్పే పనిని కూడా పాలకులు అనుమానంతో చూసేవారు. అటువంటి రోజుల్లో చందాలు పోగు చేసి, సొంత ఇళ్లలో గదులు ఇచ్చి, ఎడ్లబండ్లపై పుస్తకాలు తెచ్చి పెద్దలు గ్రంథాలయాలు నడిపారు. నేడు ఎవరి అనుమతీ అవసరం లేదు. చట్టం ఉంది, పన్ను ఉంది. అడిగేవారే కరవు.

షిఫ్టు దిగాక తెరిచి ఉండాలి

గ్రంథాలయం పనివేళలు ఆ ఊరి పనివేళలకు తగినట్లు ఉండాలి. సాధారణంగా శాఖా గ్రంథాలయాలు ఉదయం, సాయంత్రం రెండు పూటలుగా పనిచేస్తాయి. వ్యవసాయం ప్రధానంగా ఉన్న కాలానికి ఇది అనుకూలం. నేడు ఇక్కడి యువకులు ఎక్కువ మంది పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కర్మాగారాల్లో షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. తెల్లవారుజామున బస్సెక్కి, మధ్యాహ్నం దిగే కార్మికుడు గ్రంథాలయానికి వెళ్లేసరికి తలుపులు మూసి ఉంటాయి. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే నిరుద్యోగులదీ వేళల సమస్యే. వారికి ఉదయం నుంచి రాత్రి వరకు కూర్చునే చోటు, వెలుతురు, తాగునీరు కావాలి. శాఖా గ్రంథాలయాల్లోనూ కనీసం ఒక గదిని ఎక్కువ వేళలు తెరిచి ఉంచితే, రోజూ బస్సు ఛార్జీలు పెట్టుకుని సంగారెడ్డి వెళ్లే భారం తగ్గుతుంది.

మరో విషయం భాష. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలు పారిశ్రామిక ప్రాంతమంతటా నివసిస్తున్నాయి. అద్దె ఇంట్లో ఉన్నా, ఆ ఇంటి పన్ను భారం అద్దెలో కలిసే ఉంటుంది. ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. తెలుగుతో పాటు ఉర్దూ, హిందీ పత్రికలు ఒకటి రెండైనా ఉంటే గ్రంథాలయం అందరిదీ అవుతుంది.

గది చూపితే పుస్తకాలు

శాఖా గ్రంథాలయం మంజూరు కావడానికి భవనం, సిబ్బంది కావాలి. అందుకు సమయం పడుతుంది. చిన్న గ్రామాలకు అనువైన మార్గం పుస్తక నిక్షిప్త కేంద్రం. గ్రామస్థులు ఒక సురక్షితమైన గది చూపి, నిర్వహణ బాధ్యత తీసుకునే వ్యక్తిని సూచిస్తే, జిల్లా గ్రంథాలయ సంస్థ సమీపంలోని శాఖ నుంచి కొన్ని పుస్తకాలను అక్కడ ఉంచే ఏర్పాటు ఇది. చదవడం పూర్తయ్యాక వాటిని మార్చుకోవచ్చు. పంచాయతీ పాత భవనం, యువజన సంఘం గది, మహిళా సంఘ భవనం వంటివి ఇందుకు సరిపోతాయి.

కొత్త పుస్తకాలకు మరో ఆధారం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ పరిధిలో 1972లో కోల్‌కతాలో ఏర్పాటైన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ రాష్ట్రాల భాగస్వామ్యంతో గ్రంథాలయాలకు పుస్తకాలు, సామగ్రి సమకూరుస్తోంది. చరవాణి ఉన్నవారు ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో పాఠ్య గ్రంథాలను ఉచితంగా చూడవచ్చు.

వారోత్సవాలు మొక్కుబడి కారాదు

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. తొలి రోజు బాలల దినోత్సవం. పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, వక్తృత్వ పోటీలు, చివరి రోజు బహుమతుల ప్రదానం.. ఇదీ ఆనవాయితీ. ఇవి మంచివే. అయితే వారం ముగిశాక బహుమతి పొందిన పిల్లవాడు మళ్లీ గ్రంథాలయం గడప తొక్కకపోతే ప్రయోజనం స్వల్పం. పాఠశాలలు ఆ వారంలో విద్యార్థులందరినీ సభ్యులుగా చేర్పించడం మేలు. సభ్యత్వానికి చెల్లించే ధరావతు తిరిగి ఇచ్చేదే. దాతలు ముందుకు వస్తే పేద విద్యార్థుల ధరావతు భారం తీరుతుంది.

గ్రంథాలయ ఉద్యమానికి శాస్త్రీయ పునాది వేసిన ఎస్.ఆర్.రంగనాథన్ జయంతి ఆగస్టు 12. గిడుగు రామమూర్తి జయంతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. కాళోజీ జయంతి సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవానీ మహాక్షేత్రానికి శరన్నవరాత్రుల్లో భక్తులు తరలివస్తారు. బతుకమ్మ సంబరాలూ ఆ రోజుల్లోనే. పెద్దవారు పాడే బతుకమ్మ పాటలను విద్యార్థుల చేత రాయించి గ్రంథాలయంలో భద్రపరిస్తే, అచ్చులో దొరకని పుస్తకం ఒకటి ఊరికి మిగులుతుంది.

ఎవరు ఏమి చదవవచ్చు?

చరిత్ర తెలుసుకోదలచినవారికి: సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. రాజుల కథ కాకుండా జనం తిండి, బట్ట, ఆటపాటల చరిత్ర ఇది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న తొలి తెలుగు గ్రంథం. పోటీ పరీక్షల అభ్యర్థులకూ ఉపయుక్తం. తెలంగాణలో కవులే లేరన్న విమర్శకు సమాధానంగా 354 మంది కవుల రచనలతో సురవరం 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’ కూడా చూడదగినది.

నవలాభిమానులకు: వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’. నిజాం కాలం నాటి పల్లె, వెట్టి, జనంలో వచ్చిన కదలిక వీటి ఇతివృత్తం. ఆళ్వారుస్వామి జీవితమే ఒక పాఠం. ఇళ్లలో వంట చేస్తూ చదువుకున్న ఆయన, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి ఊరూరా పుస్తకాలు చేరవేశారు.

కార్మిక పాఠకులకు: మాక్సిం గోర్కీ ‘అమ్మ’. కర్మాగారం కూత విని నిద్రలేచే కుటుంబాల కథ. అలెక్స్ హేలీ రచనకు సహవాసి అనువాదం ‘ఏడుతరాలు’ మొదలుపెడితే విడవలేనిది.

కవిత్వం ఇష్టపడేవారికి: కాళోజీ ‘నా గొడవ’, దాశరథి కృష్ణమాచార్య ‘గాలిబ్ గీతాలు’. ఉర్దూ తెలుగు పక్కపక్కనే వినిపించే ఈ ప్రాంతానికి రెండో పుస్తకం మరింత దగ్గర. ఉర్దూ, హిందుస్తానీ సంగీతంపై ఆసక్తి ఉన్నవారు సామల సదాశివ ‘యాది’, ‘స్వరలయలు’ చదవాలి.

పిల్లలకు: జపాన్ బాలిక తొత్తోచాన్ బడి కథ ‘రైలుబడి’. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కూడా తప్పక చదవవలసిన పుస్తకం. 1947లో మొదలైన ‘చందమామ’ ఇప్పుడు రావడం లేదు. పాత సంచికలు దొరికితే బైండు చేయించి ఉంచడం మంచిది.

కోరిన పుస్తకం లేకపోతే నిరాశ పడనవసరం లేదు. గ్రంథాలయంలోని సూచనల పుస్తకంలో పేరు, రచయిత వివరాలు రాయవచ్చు. పాఠకులు అడిగినట్లు రాతపూర్వకంగా ఉంటే కొనుగోలు సమయంలో దానికి విలువ ఉంటుంది.

గ్రామసభలో అడగవలసిన నాలుగు ప్రశ్నలు

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం-2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అక్కడ ఎవరైనా ఈ ప్రశ్నలు వేయవచ్చు.

1. గత ఏడాది మన గ్రామంలో గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది?
2. అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారు? బకాయి ఎంత?
3. మన గ్రామ పాఠకులకు సంస్థ నుంచి ఏ పుస్తకాలు, పత్రికలు అందుతున్నాయి?
4. గ్రంథాలయానికి లేదా పుస్తక నిక్షిప్త కేంద్రానికి ఇవ్వదగిన గది ఉందా?

సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం-2005 కింద దరఖాస్తు చేయవచ్చు. గ్రామ స్థాయి కార్యాలయంలో దీనికి రుసుము లేదు. మండల స్థాయిలో రూ.5, జిల్లా స్థాయిలో రూ.10. ఇంటి పన్ను రసీదును ఒకసారి తీసి చూడాలి. అందులో గ్రంథాలయ పన్ను అన్న పద్దు ఎదుట ఉన్న అంకె చిన్నదే కావచ్చు. ఆ పైకం కట్టిన ఇంటివారికి దాని లెక్క అడిగే హక్కుంది. దానితో కొన్న పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకుని చదివే హక్కూ ఉంది.