సోలార్ ప్లగ్గు పెడితే బిల్లు పెరుగుతుందా?

బాల్కనీ రెయిలింగ్‌కి రెండు ప్యానెళ్లు. వాటి వెనక టిఫిన్ డబ్బా అంత ఇన్వర్టర్. దాన్నుంచి ఒక వైరు, చివర మామూలు ప్లగ్గు. గోడకున్న సాకెట్‌లో పెట్టి స్విచ్చేస్తే చాలు.. ఫ్రిజ్, ఫ్యాన్, వైఫై అన్నీ ముందు ఎండ కరెంటునే వాడుకుంటాయి. చాలకపోతే మిగతాది గ్రిడ్ నుంచి వస్తుంది. పైకప్పు అక్కర్లేదు, ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు. ఇల్లు మారితే ఊడదీసి పట్టుకెళ్లిపోవచ్చు.

రీల్స్‌లో ఈ వీడియోలు చూసి ‘ఇదేదో మనకోసమే పుట్టినట్టుందే’ అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఉండేది హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో. టెర్రస్ అందరిదీ, మీటరు ఓనర్ పేరు మీద. నా చేతిలో ఉన్నది బాల్కనీ ఒక్కటే. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, కార్ట్‌లో వేసే ముందు డాక్యుమెంటేషన్ చదివే అలవాటు. మాన్యువళ్లు, రూల్స్ తిరగేసేసరికి ఒకటి అర్థమైంది. కష్టం ప్యానెల్‌లో లేదు, సాకెట్ వెనకాల ఉంది.

జర్మనీలో ఎలా కుదిరింది?

ప్లగ్గు సోలార్‌కి పుట్టిల్లు లాంటిది జర్మనీ. అక్కడ దీన్ని ‘బాల్కాన్‌క్రాఫ్ట్‌వెర్క్’ అంటారు. అంటే బాల్కనీ పవర్‌హౌస్. సూపర్ మార్కెట్లలో కూడా కిట్లు అమ్ముతారు. 2025 మధ్యకి అధికారికంగా నమోదైనవే 10 లక్షలు దాటాయి. అక్కడ ఉద్యోగం చేస్తున్న నా బీటెక్ క్లాస్‌మేట్‌ని అడిగితే, ‘బిగించడానికి ఒక ఆదివారం పట్టింది. రిజిస్ట్రేషన్ మాత్రం కాఫీ తాగుతూ ఫోన్‌లోనే అయిపోయిందిరా’ అన్నాడు.

ఇదంతా ఒక్కరోజులో రాలేదు. ఒకప్పుడు ఇన్వర్టర్ 600 వాట్లు దాటకూడదు. విద్యుత్ పంపిణీ సంస్థకీ చెప్పాలి, ప్రభుత్వ రిజిస్టర్‌లోనూ ఎక్కించాలి. 2024 మేలో అమల్లోకి వచ్చిన చట్టంతో పరిమితి 800 వాట్లయింది. ప్యానెళ్లు 2000 వాట్ల దాకా పెట్టుకోవచ్చు. నమోదు ఒక్కచోట చేస్తే సరిపోతుంది. పాత తిరుగుడు చక్రం మీటర్లు వెనక్కి తిరిగినా, కొత్త మీటరు బిగించేదాకా ఓర్చుకుంటామని చట్టంలోనే రాశారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంకో మార్పు వచ్చింది. సరైన కారణం లేకుండా ఇంటి ఓనర్ గానీ, అపార్ట్‌మెంట్ సంఘం గానీ ‘వద్దు’ అనకూడదు. అద్దెకుండే వాళ్లకి అసలు ధైర్యం ఇచ్చింది ఇదే.

వాళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే, అనుమతి అడగనక్కర్లేనంత చిన్న సైజు ఎంతో ముందు తేల్చుకున్నారు. ఆ గీత లోపల ఉన్నవాళ్లని వదిలేశారు.

చిన్న సైజు ఎందుకు?

800 వాట్లంటే 230 వోల్టుల దగ్గర సుమారు మూడున్నర యాంపియర్లు. ఇంత చిన్నదానికి భయం దేనికంటారా? మన గోడలో వైరుని కాపాడేది ఎంసీబీ. అది 16 యాంపియర్లదనుకుందాం. గ్రిడ్ నుంచి 16 దాటి వస్తే ట్రిప్ అవుతుంది. అదే లైన్‌లో ఇంకో సాకెట్ నుంచి సోలార్ మూడున్నర యాంపియర్లు తోస్తుంటే? వైరులో ఒకచోట పందొమ్మిదిన్నర పారుతుంది. ఎంసీబీకి కనిపించేది మాత్రం 16 మాత్రమే. అది కిక్కురుమనదు, వైరు వేడెక్కుతుంది. మంచి వైరింగ్ అయితే తట్టుకుంటుంది. పాతికేళ్ల నాటి వైరింగ్, లూజ్ సాకెట్, మధ్యలో ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే? ఒకటి బాగుందని రెండో కిట్ కూడా అక్కడే పెడితే?

ఇంకోటి ప్లగ్గు పిన్నులు. మామూలు ఉపకరణం ప్లగ్గు లాగేస్తే పిన్నులో కరెంటు ఉండదు. ఇక్కడ ప్లగ్గుకి అటువైపు ఉన్నదే కరెంటు తయారుచేసే యంత్రం. లాగిన మరుక్షణం ఇన్వర్టర్ ఆగిపోవాలి, లేదంటే పిన్ను ముట్టుకున్న చెయ్యికి షాకే. నాణ్యమైనవి ఆగుతాయి. బ్రాండ్ తెలియని చవకవి ఆగుతాయో లేదో పరీక్షించాల్సింది మీ వేళ్లు కాదు కదా!

మూడోది లైన్‌మన్ ప్రాణం. వీధిలో కరెంటు తీసి ఆయన స్తంభం ఎక్కాడు. మీ బాల్కనీ మాత్రం వైరులోకి కరెంటు పంపుతూనే ఉంది. ఇలా జరక్కూడదనే గ్రిడ్ పోయిన 2 సెకన్లలో ఇన్వర్టర్ ఆగిపోవాలని కేంద్ర విద్యుత్ అథారిటీ 2013 నిబంధనల్లోనే ఉంది. అంటే ఇంకో చేదు నిజం కూడా.. కరెంటు పోతే మీ సోలార్ కూడా పోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే.

మన మీటరు సంగతి వేరు

నన్ను కుర్చీలోంచి లేపిన విషయం ఇదే. మన ఇళ్లలో ఉండే మామూలు ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు కరెంటు ఎటు పారినా ‘వాడకం’ కిందే లెక్కేస్తాయి. వైర్లు తిరగేసి బిల్లు తగ్గించుకునే దొంగలకి చెక్ పెట్టడానికి అలా తయారుచేశారు. సోలార్ పెట్టిన అమాయకుడూ దాని కంటికి ఒకలాగే కనిపిస్తాడు.

లెక్క వేద్దాం. మధ్యాహ్నం మీరు ఆఫీసులో ఉన్నారు. ఇంట్లో ఫ్రిజ్, వైఫై కలిపి 150 వాట్లు వాడుతున్నాయి. సోలార్ 500 వాట్లు ఇస్తోంది. మిగిలిన 350 వాట్లు మీటరు దాటి వీధిలోకి వెళ్తాయి. మీటరు ఆ 350ని మీరు వాడినట్టే రాసుకుంటుంది. సోలార్ లేకపోతే 150కే బిల్లు వచ్చేది. ఇప్పుడు 350కి! ఎండని డిస్కంకి ఉచితంగా ఇచ్చి, దానికి మనమే డబ్బులు కట్టినట్టు.

దీనికి మందు నెట్ మీటర్. వచ్చినదీ వెళ్లినదీ వేరువేరుగా లెక్కపెడుతుంది. కానీ దానికి డిస్కం దగ్గర దరఖాస్తు పెట్టాలి, కనెక్షన్ ఉన్న ఓనర్ సంతకం కావాలి. పైగా చాలా రాష్ట్రాల్లో నెట్ మీటరింగ్ నియమాలు 1 కిలోవాట్ నుంచే మొదలవుతాయి. మన 800 వాట్ల కిట్ ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అనుమతి లేకుండా గ్రిడ్‌కి కలిపితే నిబంధనల ఉల్లంఘనే.

ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? అయితే ఇంకా జాగ్రత్త

జర్మనీలో ఇంటింటా బ్యాటరీ ఇన్వర్టర్ ఉండదు, అపార్ట్‌మెంట్ కింద జనరేటరూ ఉండదు. మనకి రెండూ మామూలే. కరెంటు పోగానే ఇవి అందుకుంటాయి. సోలార్ కిట్‌కి అది గ్రిడ్డో, జనరేటరో తెలియదు. మంచి సైన్ వేవ్ కనిపిస్తే ‘కరెంటు వచ్చేసింది’ అనుకుని మళ్లీ తోయడం మొదలుపెట్టొచ్చు. ఇంట్లో వాడకం తక్కువగా ఉంటే ఆ మిగులు వెళ్లడానికి దారుండదు. అది బ్యాటరీ ఇన్వర్టర్‌లోకో, జనరేటర్‌లోకో ఎదురెక్కుతుంది. అలా వెనక్కి తీసుకోవడానికి అవి తయారైనవి కావు, పాడైపోవచ్చు. అందుకే జర్మనీ రూల్స్‌ని కాపీ పేస్ట్ చేస్తే మన దగ్గర పనిచేయదు.

సూర్యుడు కూడా సహకరించాలి

జర్మనీలో సూర్యుడు దక్షిణాన కాస్త కిందుగా ఉంటాడు. రెయిలింగ్‌కి నిలువుగా కట్టిన ప్యానెల్‌కి ఎదురుగా కనిపిస్తాడు. మనకి నడినెత్తిన ఉంటాడు. హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో ‘నీడ లేని రోజు’ వస్తుంది కదా. ఆ రెండింటి మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు. అంటే ఎండ ముదిరిన మే నెలలో దక్షిణం బాల్కనీకి నిలువుగా కట్టిన ప్యానెల్ మధ్యాహ్నం నేరుగా ఎండ చూడదు! పైఫ్లోర్ బాల్కనీ నీడ దీనికి అదనం.

టెర్రస్ మీద సరిగ్గా వంచి పెడితే 800 వాట్లు రోజుకి సుమారు 3 యూనిట్లు ఇస్తాయి. బాల్కనీలో అందులో సగమే వచ్చిందనుకోండి, నెలకి 45 యూనిట్లు. తెలంగాణలో 201 నుంచి 300 యూనిట్ల స్లాబ్ ధర 7.70 రూపాయలు. అంటే అంతా ఇంట్లోనే వాడుకుంటే నెలకి 350 రూపాయలు మిగులు. చెడ్డదేం కాదు. కానీ నాలుగో ఫ్లోర్ నుంచి 20 కిలోల పైన ఉండే ప్యానెల్ గాలివానకి ఊడితే, కింద నడిచే మనిషి ప్రాణానికి లెక్క ఎవరు కడతారు?

అమెరికాలో మనవాళ్ల మాటేంటి?

అక్కడా ఇప్పుడిప్పుడే తలుపు తెరుచుకుంటోంది. 2025 మార్చిలో యూటా రాష్ట్రం 1200 వాట్ల దాకా ప్లగ్గు సోలార్‌కి పంపిణీ సంస్థతో ఒప్పందం అక్కర్లేదని చట్టం చేసింది. అయితే భద్రతా సర్టిఫికెట్ ఉన్న కిట్టే వాడాలంది. తీరా చట్టం వచ్చేనాటికి, ప్లగ్గు నుంచి ప్యానెల్ దాకా మొత్తం కిట్‌ని పరీక్షించే ప్రత్యేక ప్రమాణమే లేదు. రూల్ ముందొచ్చింది, వస్తువు వెనకబడింది. మన దగ్గర సరిగ్గా ఉల్టా.. వస్తువు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, రూల్ లేదు.

పైకప్పు ఉన్నవాడికే ఎండా?

పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78 వేల రూపాయల దాకా సబ్సిడీ. 2024 సవరణతో 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులకి సాంకేతిక పరిశీలన అక్కర్లేదన్నారు. మంచి మార్పులే. కానీ ఇవన్నీ సొంత పైకప్పు ఉన్నవాళ్ల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నాయి. అద్దె ఫ్లాట్లలో ఉండే బ్యాచిలర్లు, కొత్తగా పెళ్లయిన జంటలు కట్టేదీ అదే బిల్లు. వాళ్లకి ఎండలో వాటా లేదా?

ఉండాలంటే నాకు తోచినవి నాలుగు. ఒకటి, మన వైరింగ్‌ని, మన జనరేటర్లని దృష్టిలో పెట్టుకుని కిట్‌కి ఐఎస్ఐ ప్రమాణం. రెండు, వెళ్లే కరెంటుని బిల్లులో వేయని మీటరు. మూడు, ఓ చిన్న పరిమితి లోపల అనుమతి బదులు ఆన్‌లైన్ నమోదు. నాలుగు, అద్దెదారుకి కూడా హక్కు. కొత్త స్మార్ట్ మీటర్లు రెండువైపులా లెక్కపెట్టగలవు కాబట్టి, రెండోది మరీ అసాధ్యం కాదు.

అప్పటిదాకా ఏం చేయొచ్చు?

- గ్రిడ్‌కి కలపకుండా ఒక ప్యానెల్, చార్జ్ కంట్రోలర్, చిన్న బ్యాటరీ పెట్టుకోండి. వైఫై, ల్యాప్‌టాప్, డీసీ ఫ్యాన్ నడుస్తాయి. మీటరుతో గొడవ లేదు, కరెంటు పోయినా పనిచేస్తుంది. నేను ఎంచుకున్నది ఇదే.
- మీ అసోసియేషన్ మీటింగ్‌లో మాట్లాడండి. లిఫ్టు, నీళ్ల మోటారు, కారిడార్ లైట్లు లాంటి ఉమ్మడి అవసరాల సోలార్‌కి కిలోవాట్‌కి 18 వేల రూపాయల సబ్సిడీ ఉంది. మెయింటెనెన్స్ తగ్గితే అద్దెకున్నవాళ్లకీ లాభమే.
- వర్చువల్ నెట్ మీటరింగ్ గురించి డిస్కంని అడగండి. ఎక్కడో ఉన్న ఉమ్మడి ప్లాంటులో మీ వాటా కరెంటు మీ బిల్లులో తగ్గుతుంది. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ సంఘం 2019లోనే దీనికి మార్గదర్శకాలిచ్చింది.
- ‘ప్లగ్ అండ్ ప్లే, పర్మిషన్ అక్కర్లేదు’ అని మన దేశంలో అమ్మే గ్రిడ్ ఇన్వర్టర్ కనిపిస్తే, మీటరు ఎటు తిరుగుతుందని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు రాకపోతే కార్ట్ ఖాళీ చేసేయండి.