పంటినొప్పికి పన్నే కారణమా?

పన్ను నొప్పి పుట్టినప్పుడు లవంగనూనె అద్దుట, అప్పటికిని తగ్గనిచో పన్ను పీకించుకొనుట మన యిండ్లలో చిరకాలముగా ఉన్న వాడుక. పుచ్చిన పంటి విషయమున ఈ నిర్ణయము ఒక్కొక్కప్పుడు సరిపోవచ్చును. కాని పన్ను తీయించిన పిమ్మటను నొప్పి నిలిచియుండుట, ప్రక్కపన్నును, తరువాత మరియొకదానిని తీయించుట, తుదకు పండ్లు తరిగి నొప్పి మాత్రము తరుగకపోవుట కూడ కలదు. నొప్పి తెలియు చోటు వేరు, పుట్టు చోటు వేరు కావచ్చునని యెరిగినచో ఈ నష్టము చాలవరకు తప్పును.

ముఖమునకు, పండ్లకు, దవడలకు స్పర్శజ్ఞానము నిచ్చునది త్రిశాఖనాడి. మెదడునుండి వెలువడు పండ్రెండు జతల నాడులలో ఇది అయిదవది. దీని మొదటి శాఖ నుదుటికి, కంటికి పోవును. రెండవది చెంపకు, పైపండ్లకు. మూడవది క్రిందిదవడకు, క్రిందిపండ్లకు. ఈ శాఖలు తెచ్చు వార్తలు మెదడు కాండమున ఒక్కచోట చేరును. మెడ, చెవి, గుండెలనుండి వచ్చు వార్తలు కొన్నియు అచ్చటనే కలియును. పలు కాలువల నీరు ఒక్క చెరువున పడిన తరువాత ఏ కడవెడు నీరు ఏ కాలువదో చెప్పగలమా? మెదడును అట్లే పొరబడును. క్రిందిపన్ను పుచ్చినపుడు అదే వైపు పైపన్ను సలుపుట ఇందువలననే.

నెల్లూరు సీమలో ఈ జాగ్రత్తకు మరియొక హేతువు కలదు. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో త్రాగునీటి యందలి ఫ్లోరైడు వలన పండ్లు గారపట్టుటను, ఎముకలు బిగిసిపోవుటను షార్ట్ మొదలగు వైద్యులు 1937లో వర్ణించి ప్రకటించిరి. అప్పుడు ఆ జిల్లాలోనుండి, 1970లో కొత్తగా ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు ఇట్టి నీటికి పేరుపడినవి. గోధుమరంగు మచ్చలుగల పన్ను చూచినంతనే అనుమానము దానిపైకి పోవుట సహజము. కాని మచ్చ ఒక్కటే నొప్పికి ఋజువు కాదు.

నిపుణుడైన దంతవైద్యుడు పట్టుకారు చేతబట్టుటకు ముందు ప్రశ్నించును. నొప్పి పోటా, మంటా, సలుపా? ఎంతసేపు ఉండును? దేనివలన హెచ్చును? పిమ్మట పంటిని తట్టి, చల్లదనము తగిలించి, కొరికించి, ఎక్స్‌రే తీసి చూచును. సన్నని పగులు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చును. కొరికి వదలునపుడు జివ్వుమనుటయే దాని గుర్తు. అనుమానమున్న పంటికి తిమ్మిరిసూది వేసినను నొప్పి పోనిచో, మూలము మరియొకచోట వెదకవలెను.

మూలములు పలువిధములు. జలుబు చేసి, వంగినపుడు పైదవడపండ్లన్నియు బరువెక్కినచో చెంప యెముకలోని గాలిగది వాచి యుండవచ్చును. ఉదయమున చెవిముందు నొప్పి, నమలునపుడు కటుక్కుమనుట దవడకీలును, దాని కండరములను సూచించును. వక్క, గుట్కా నమలువారికి చేపలపులుసు తగిలినంతనే నోరు మండి, రానురాను నోరు తెరచుటయే కష్టమైనచో ఆలసింపరాదు. అది కాలక్రమమున క్యాన్సరునకు దారితీయగల వ్యాధి.

ముఖము కడిగినను, గాలి తగిలినను, పండ్లు తోమినను ఒకవైపున మెరుపువలె పొడిచి, క్షణములలో మాయమగునది త్రిశాఖనాడి శూల. పెక్కుమందిలో మెదడు మూలమున రక్తనాళమొకటి ఆ నాడిని ఒరయుటయే దీనికి కారణము. పండ్లతో సంబంధములేని యిట్టి బాధకు పండ్లను నిందించి తీయించుకొనుటను జాన్ హంటర్ అను స్కాట్లండు శస్త్రవైద్యుడు 1778లోనే గుర్తించి వ్రాసెను. 1962లో ఈ శూలకు కార్బమాజెపీన్ గుణమిచ్చునని వెల్లడియైనది. నేటికిని ముందుగా వాడు మందు అదియే. కొందరికి అది చర్మముపై ప్రమాదకరమైన వికారము కలిగించును గనుక వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను.

నడచునపుడు, మెట్లెక్కునపుడు దవడ పట్టివేసి, కూర్చున్నంతనే సడలు నొప్పి గుండెనుండి వచ్చినది కావచ్చును. ఛాతీలో బాధ లేకయే గుండెపోటు దవడనొప్పిగా తెలియుటయు కలదు. చెమట, ఆయాసము తోడైనచో పంటిని గూర్చి యోచింపక వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరవలెను.

ఇన్ని పరీక్షలు చేసినను దోషము కానరాని నొప్పులును కొన్ని కలవు. అవి రోగి భ్రమలు కావు. గాయము మానినను నాడులు నొప్పివార్తను పంపుచునే యుండవచ్చును. ఇట్టివారికి కావలసినది పట్టుకారు కాదు. నాడీవైద్యుని సలహా, నాడుల నొప్పి నణచు మందులు, ఇంటివారి నమ్మకము. నొప్పి మొదలైన దినము, పుట్టు వేళ, హెచ్చించు పని ఒక కాగితముపై వ్రాసికొని పోయినచో వైద్యునికి సగము దారి దొరకును. కారణము తేలువరకు పన్నును ఉండనిండు. తీసిన పన్ను మరల మొలవదు.