కాయ ఎర్రబడే వరకు

‘నిదానమే ప్రధానం’ అని ఒక సామెత. ‘ఆలస్యం అమృతం విషం’ అని మరొకటి. మన ఇళ్లలో పెద్దలు ‘జల్దీ కా కామ్ షైతాన్ కా కామ్’ అని పిల్లలను మందలిస్తారు. ఆ పెద్దలే నమాజు వేళ కాగానే ‘త్వరగా లేవండి’ అని హెచ్చరిస్తారు. ఇందులో వైరుధ్యం ఉందా? లేదు. తొందరపాటు వేరు, సకాలంలో చేయడం వేరు. ఈ భేదాన్ని గ్రహించడానికి తూర్పు కనుమలలోని అరకు లోయకు వెళ్లి చూద్దాం.

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం నిర్మించారు. దానిపై 58 సొరంగాలున్నాయి. విశాఖ నుండి అరకు చేరడానికి బండికి సుమారు 4 గంటలు పడుతుంది. ‘ఇంకెంత సేపు?’ అని ప్రతి సొరంగం దగ్గర అడిగే ప్రయాణికుని వల్ల బండి వేగం పెరగదు. కిటికీ బయటి కొండలు, లోయలు మాత్రం అతనికి దక్కకుండా పోతాయి. మనలో చాలామంది జీవిత ప్రయాణం ఇలాగే సాగుతోంది.

ఆ కొండలపై భగత, కొండదొర, పోర్జ మొదలైన తెగల రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండిస్తారు. మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గాని కాపు రాదు. వేసవి ఆరంభంలో వాన పడితే పూత వస్తుంది. కాయ పండడానికి దాదాపు శీతాకాలం వరకు ఆగాలి. ఒకే కొమ్మపై కొన్ని కాయలు ఎర్రబడతాయి, కొన్ని పచ్చిగానే ఉంటాయి. ఎర్రనివి మాత్రమే ఏరి కోసి, మిగిలిన వాటి కోసం మళ్లీ రావాలి. పచ్చికాయ కోస్తే రుచి చెడుతుంది. పండును వదిలేస్తే ఎండి రాలిపోతుంది. ఈ రెంటి మధ్య ఉన్నదే ‘సమయం’. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు వెనుక ఇంతటి ఓపిక ఉంది.

అయితే కొండవాసులకు చీకూచింతా లేవనుకోవడం పొరపాటు. తరతరాలుగా వారిని వేధించినది అప్పు. ఆకలి వేళ షావుకారు ఇచ్చే కాస్త పైకానికి, చేతికి రాని పంటను చౌకగా ఒప్పుకోవలసి వచ్చేది. ఇటువంటి దోపిడీ నుండి గిరిజనులను కాపాడే ఉద్దేశంతోనే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. ఒకరి అత్యాశ మరొకరి అత్యవసరాన్ని ఆసరా చేసుకున్నప్పుడు తొందర కేవలం మనోవ్యాధి కాదు, అన్యాయమవుతుంది.

ఇక్కడ దైవప్రవక్త (స) బోధను గమనించండి. ఖర్జూర ఫలాలు ఎర్రగానో పసుపుపచ్చగానో రంగు తిరిగి, పక్వానికి వచ్చే సూచన కనిపించే వరకు వాటిని చెట్టుపై అమ్మరాదని ఆయన నిషేధించారు. అల్లాహ్ ఆ పంటను ఆపివేస్తే, సోదరుని సొమ్మును దేనికి బదులుగా తీసుకుంటారని ప్రశ్నించారు. హజ్రత్ అనస్ (రజి) ద్వారా అందిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. మరి సాగుకు ముందుగా పైకం కావలసిన రైతు గతి ఏమిటి? అందుకు ‘సలమ్’ ఒప్పందాన్ని షరీఅత్ అనుమతించింది. అందులో సరుకు రకం, కొలత, గడువు స్పష్టంగా ఉండాలి. పైకం పూర్తిగా ముందే చెల్లించాలి. ఫలానా చెట్టు కాయలే అని ముడిపెట్టకూడదు. అనగా అవసరానికి దారి చూపింది, దోపిడీకి తలుపు మూసింది.

మానవుని స్వభావంలోనే ఆత్రం ఉందని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది (21:37). అదే ఖుర్ఆన్ దైవ క్షమాపణ వైపు త్వరపడమని కూడా ప్రబోధిస్తోంది (3:133). పరుగు తప్పు కాదు. పండనిదాన్ని కోయబోవడం తప్పు. ఇఖామత్ వినిపించినా పరుగెత్తవద్దనీ, ప్రశాంతంగా, గంభీరంగా నడిచి రమ్మనీ, అందినంత జమాఅత్‌తో చేసి మిగిలినది పూర్తి చేసుకొమ్మనీ ప్రవక్త (స) ఆదేశించారు. నమాజుకే పరుగు వద్దన్నప్పుడు, లోక వ్యవహారాల కోసం గుండెలు బాదుకోవడం ఎంతవరకు సబబు?

హడావుడిగా నమాజు ముగించిన ఒక వ్యక్తిని ఆయన మూడుసార్లు తిప్పి పంపారు. పిదప రుకూలో, సజ్దాలో స్థిమితంగా నిలవడం నేర్పారు. వర్తమాన క్షణంలో జీవించడానికి ఇంతకు మించిన శిక్షణ ఏముంటుంది? రుకూలో ఉన్నవాడు రుకూలోనే ఉండాలి. అతని మనసు సలాం దగ్గరకు ముందే చేరకూడదు. రోజుకు ఐదుసార్లు ఈ అభ్యాసం చేసేవానికి భోజనం వద్ద భోజనం, బిడ్డ మాట్లాడితే బిడ్డ మాట, పని వేళ పని అలవడాలి. అలవడలేదంటే లోపం నమాజులో లేదు, మనం చేసే తీరులో ఉంది.

రేపటిని మరచిపొమ్మని దీని అర్థం కాదు. కాఫీ మొక్క నాటేవాడు నాలుగేళ్ల తర్వాతి కాపు కోసమే నాటుతాడు. కాని నాటే రోజున అతని చేతిలో ఉన్నది గుంత, మట్టి, మొక్క మాత్రమే. చేతిలో మొక్క ఉండగా ప్రళయ ఘడియ వచ్చినా, వీలైతే దాన్ని నాటమని ప్రవక్త (స) ప్రబోధించారు. ఫలితం దైవాధీనం, ప్రయత్నం మన విధి. తవక్కుల్ అంటే ఇదే.

కనుక తొందర కలిగినప్పుడల్లా మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకుందాం: ఈ కాయ ఎర్రబడిందా? ఎర్రబడితే ఆలస్యం వద్దు. పచ్చిగా ఉంటే చేయి వెనక్కు తీసుకుందాం. ముఖ్యంగా ఆ కాయ మరొకరి చెట్టుది అయినప్పుడు.

అల్లాహ్ మనకు ప్రతి ఘడియ హక్కును ఆ ఘడియలోనే నెరవేర్చే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.