చూడ్డానికీ పేరు చెప్పాలా?

వీడియో మీద వేలు పెడతాం. బొమ్మ కదలదు. నల్లటి తెర మీద ఒక మాట కనిపిస్తుంది: మీరు బాట్ కాదని నిర్ధారించేందుకు సైన్ ఇన్ చేయండి. 2024 నుంచి యూట్యూబ్‌లో ఈ మాట ఎదురవడం మామూలైపోయింది. ఆ తెర వెనక ఉన్నది సుప్రీంకోర్టు విచారణ కావచ్చు, ఐఐటీ ప్రొఫెసరు చెప్పిన లెక్కల పాఠం కావచ్చు, ఏనాడో రికార్డు చేసిన హరికథ కావచ్చు. వాటిని అక్కడ పెట్టినవాళ్లు పదిమందీ చూడాలనే పెట్టారు, పేరు చెప్పినవాళ్లకే చూపించమని అడగలేదు. చూడబోయేవాడు కూడా అక్కడ ఏమీ రాయడం లేదు, ఎవరినీ ఏమీ అనడం లేదు, ఏదీ తీసుకుపోవడం లేదు. అయినా మధ్యలో నిలబడ్డ సంస్థ ముందు నువ్వెవరో చెప్పమంటోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా లేనివాళ్లు నాలుగు పోస్టులు కిందికి జరిపేలోపే లాగిన్ పెట్టె తెరను కప్పేస్తుంది. ట్విటర్ 2023 జూన్ చివర కొద్ది రోజులపాటు ఖాతా లేనివాళ్లకు తలుపులు మొత్తంగా మూసేసింది. చాలామంది దీన్ని చిన్న చిరాకుగా తీసుకుని, పాస్‌వర్డ్ కొట్టి ముందుకు పోతున్నారు. అలా సర్దుకుపోవలసిన విషయం కాదిది. నలుగురి కోసం పెట్టినదాన్ని చూడటానికి మనిషి తానెవరో చెప్పుకోనక్కర్లేదన్నది మనం తరాలుగా పాటిస్తున్న పద్ధతి. ఎవరి అనుమతీ అడక్కుండా ఇప్పుడు దాన్ని మార్చేస్తున్నారు.

ఆ పద్ధతి ఎక్కడిదో గుర్తు చేసుకోవాలి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఆ ఉద్యమం ఊరూరా తెరిచిన పఠన మందిరాల్లో బల్ల మీద పత్రిక పరిచి ఉండేది. పుస్తకం ఇంటికి పట్టుకెళ్లాలంటే సభ్యత్వం, డిపాజిట్ కావాలి, ఎందుకంటే పుస్తకం తిరిగి రావాలి. అక్కడే కూర్చుని చదువుకోవడానికి ఆ రెండూ అక్కర్లేదు. కొన్నిచోట్ల గుమ్మం దగ్గర సంతకాల పుస్తకం ఉంటుంది, నిజమే. కానీ లోపలికెళ్లినవాడు ఏ పేజీ తిప్పాడో, ఏ ప్రకటన దగ్గర ఎంతసేపు ఆగాడో రాసుకునే మనిషి ఎప్పుడూ లేడు. రేడియోకి ఒకప్పుడు లైసెన్సు ఉండేది కదా అని పెద్దవాళ్లు అడగవచ్చు. ఉండేది, 1980లలో రద్దయ్యేదాకా పోస్టాఫీసులో రుసుము కట్టేవాళ్లు. ఆ లైసెన్సు పెట్టెకి సంబంధించింది. ఆ పెట్టె ముందు కూర్చుని వార్తలు విన్నదెవరో, నాటకం విన్నదెవరో సర్కారుకి తెలిసే మార్గం లేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నడిపిన ‘సైట్’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ వెళ్లింది. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. ఊరందరికీ కలిపి ఒకే పెట్టె. దాని ముందు చేరినవాళ్లలో ఎవరు రైతో, ఎవరు కూలీయో, ఎవరు ఏ కులమో ఆ పెట్టెకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. చూసేవాడి పేరు తెలియకుండానే ఒక దేశం తన ప్రజలకు వ్యవసాయం, ఆరోగ్యం, చదువు గురించి చెప్పగలిగింది.

యూట్యూబ్ పెరిగిందీ ఈ దారినే. 2005లో మొదలై, మరుసటేడే గూగుల్ 165 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కునే స్థాయికి చేరిందంటే, లింకు చేతికొచ్చిన ఎవరైనా ఖాతా లేకుండానే నొక్కి చూడగలగడం అందుకు ఒక పెద్ద కారణం. ఆ తెరిచిన తలుపును నమ్ముకునే లోకమంతా తన బొమ్మల్ని తెచ్చి అక్కడ పోసింది. అందరూ వచ్చి చేరి, ఇక వేరే చోటు లేదన్న పరిస్థితి వచ్చాక తలుపు కొంచెం కొంచెంగా మూసుకుంటోంది. 2023 ఆగస్టు నుంచి, చూసిన వీడియోల చరిత్రను ఆపేసుకున్నవాళ్లకు మొదటి పేజీ ఖాళీగా కనిపించసాగింది. ఖాతా లేకుండా వచ్చేవాళ్లకీ అంతే, ముందు ఏదైనా వెతకమని ఒక్క వాక్యం. ఆ తర్వాత వచ్చింది బాట్ కాదని నిరూపించుకోమనడం.

పేరు చెబితే పోయేదేముంది అన్న ప్రశ్నకు రెండు సంఘటనలు జవాబు చెబుతాయి. 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్, రాబర్ట్ బోర్క్ అనే న్యాయమూర్తిని సుప్రీంకోర్టుకు ప్రతిపాదించారు. ఆ వివాదం నడుస్తుండగా వాషింగ్టన్‌లోని ఒక వారపత్రిక విలేకరి, బోర్క్ కుటుంబం అద్దెకు తెచ్చుకున్న 146 సినిమాల జాబితాను వీడియో కొట్టు నుంచి సంపాదించి అచ్చువేశాడు. జాబితాలో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. అయినా అక్కడి చట్టసభ సభ్యులు ఉలిక్కిపడ్డారు. మనం చూసినవన్నీ ఇలా బయటికి రావచ్చా అనుకున్నారు. 1988లో వీడియో అద్దె వివరాలను రక్షించే చట్టం తెచ్చారు. గమనించండి, క్యాసెట్టు తిరిగి రావాలి కాబట్టి ఆ కొట్టువాడికి పేరు అడగాల్సిన కారణమైనా ఉంది. ఆన్‌లైన్‌లో చూసే వీడియో తిరిగి ఇచ్చేది కాదు. రెండోది ఇటీవలిది. అమెరికాలోని కెంటకీలో ఒక కేసు దర్యాప్తులో పోలీసులు అనుమానితుడికి కొన్ని యూట్యూబ్ పాఠాల లింకులు పంపారు. డ్రోన్లతో పటాలు గీయడం లాంటి, ఎవరైనా చూసే పాఠాలవి. 2023 జనవరి 1 నుంచి 8 వరకు ఆ వీడియోలు చూసినవాళ్లందరి వివరాలు ఇవ్వాలని గూగుల్‌ను కోరుతూ కోర్టు ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఆ వీడియోలను 30,000 సార్లకు పైగా చూశారు. 2024 మార్చిలో ఫోర్బ్స్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. పోలీసులు అడిగిన తీరులోనే మన వాదన మొత్తం ఉంది. ఖాతా ఉన్నవాళ్లవి పేరు, చిరునామా, ఫోను నంబరు, వాడకం వివరాలు. ఖాతా లేకుండా చూసినవాళ్లవి ఐపీ అడ్రసులు మాత్రమే. ఒకే పాఠం చూసిన ఇద్దరిలో ఒకరు పేరూ ఊరూ ఉన్న అనుమానితుడు, రెండోవారు ఒక అంకె. లాగిన్ గోడ కట్టడమంటే ఆ రెండో వరసను పూర్తిగా చెరిపేయడమే.

సంస్థలు చెప్పే కారణాల్లో అన్నిటికన్నా బలమైంది బాట్ల గొడవ. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కృత్రిమ మేధను తయారుచేసే కంపెనీలకు మాటలు, బొమ్మలు కొండలకొద్దీ కావాలి. ఓపెన్‌ఏఐ పది లక్షల గంటలకు పైగా యూట్యూబ్ వీడియోల మాటలను అక్షరాల్లోకి మార్చుకుందని 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. వీడియో తీసినవాళ్ల కష్టాన్ని అడక్కుండా తోడుకుపోయేవాళ్లను ఆపాల్సిందే. అయితే లాగిన్ వాళ్లను ఆపుతుందా? యూట్యూబ్ తన నివేదికల్లో తానే చెబుతున్న లెక్కల ప్రకారం ప్రతి మూడు నెలలకూ లక్షలకొద్దీ ఛానెళ్లను తీసేస్తోంది, ఎక్కువ భాగం స్పామ్ కారణంగానే. ఆ ఛానెళ్లన్నీ ఖాతా తెరిచినవాళ్లవే, అందరూ సైన్ ఇన్ చేసినవాళ్లే. ఖాతాలను వందల్లో తయారుచేయడం, కొనడం బాట్లు నడిపేవాడికి వ్యాపారపు ఖర్చు. ఒక్కసారి ఒక్క పాఠం చూద్దామని వచ్చినవాడికే అది అడ్డు. పైగా ఈ అనుమానం అందరి మీదా సమానంగా పడదు. పాత పద్ధతి ఐపీ అడ్రసులు లోకం మొత్తానికి సుమారు 430 కోట్లే. అవి చాలక మొబైల్ కంపెనీలు ఎంతోమంది చందాదారులను ఒకే అడ్రసు వెనక నిలబెడతాయి. హాస్టళ్లు, కాలేజీలు, గ్రంథాలయాల్లోనూ అంతే, వందమందికి ఒకటే అడ్రసు. అటువైపు సర్వర్‌కు ఆ వందమందీ విరామం లేకుండా వీడియోలు లాగే ఒకే మనిషిలా కనిపిస్తారు. కలిసి వాడుకునేవాళ్లు ముందుగా యంత్రాలుగా ముద్రపడతారు. సొంత కనెక్షన్ ఉన్న ఇంటికి ఆ బాధ తక్కువ. హాస్టల్లో చదువుకునే పిల్లకు ఇది న్యాయం కాదు.

మనిషా యంత్రమా అని తేల్చుకోవడానికి పేరే అడగాలన్న నియమం సాంకేతికంగానూ లేదు. సినిమా హాల్లో టికెట్టు చింపేవాడికి అది అసలు టికెట్టా కాదా అన్నదే కావాలి, మన పేరు అక్కర్లేదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 2024లో ఖాయం చేసిన ‘ప్రైవసీ పాస్’ పద్ధతి సరిగ్గా అలాంటిదే. ఒకచోట మనిషినని తేల్చుకున్నాక ఒక టోకెన్ చేతికొస్తుంది. దాన్ని చూపిస్తే అవతలి వెబ్‌సైటుకు అది చెల్లుతుందని తెలుస్తుంది, ఎవరికిచ్చిందో తెలియదు. దీన్ని అమలు చేయగల ఇంజనీర్లు ప్రపంచంలో ఎక్కడైనా ఉన్నారంటే ఈ పెద్ద సంస్థల్లోనే ఉన్నారు. అయినా పేరే అడుగుతున్నారంటే, బాట్ల భయం ఒక్కటే కారణమని నమ్మడం కష్టం.

ఉచితంగా చూపిస్తున్నాం, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నది రెండో మాట. ప్రకటనలు వేసుకోవడం మీద అభ్యంతరం లేదు. 2024లో యూట్యూబ్‌కు ప్రకటనల మీదే 3,600 కోట్ల డాలర్లకు పైగా రాబడి వచ్చింది. పురుగుమందుల గురించి చెప్పే వీడియో ముందు ట్రాక్టరు ప్రకటన వేయడానికి చూసేది ఏ రైతో తెలియనక్కర్లేదు, వీడియో దేని గురించో తెలిస్తే చాలు. నెదర్లాండ్స్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌పీఓ చూసేవాళ్లను వెంబడించే ప్రకటనలను 2020లో మానేసింది. ఆ ఏడాది మొదటి రెండు నెలల్లో దాని ఆన్‌లైన్ ప్రకటనల రాబడి అంతకు ముందటేడు అవే నెలల కంటే పెరిగింది.

పిల్లల సంగతి వేరు. అక్కడ ఆందోళన నిజమైంది, తల్లిదండ్రుల భయం నిజమైంది. లాగిన్ ఉంటేనే వయసు తెలుస్తుంది, వయసు తెలిస్తేనే కాపాడగలం అంటారు. ఆస్ట్రేలియా దీనికి తిరగేసిన పాఠం చెబుతోంది. 2025 డిసెంబరు 10 నుంచి అక్కడ 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదు, యూట్యూబ్ కూడా ఆ జాబితాలో ఉంది. ఖాతా లేకుండా చూడటాన్ని మాత్రం చట్టం ఆపలేదు. ఎందుకంటే హాని ఎక్కువగా ఖాతా చుట్టూ అల్లుకున్న వ్యవస్థలో ఉందని వాళ్లు భావించారు: చూసినదాన్నిబట్టి మరొకటి తోసే యంత్రాంగంలో, ఆగకుండా వచ్చే నోటిఫికేషన్లలో. ఖాతా లేకపోతే తల్లిదండ్రుల నియంత్రణలు పనిచేయవని, పిల్లలకు రక్షణ తగ్గుతుందని యూట్యూబ్ అభ్యంతరం చెప్పింది. లాగిన్ లేకుండా మీ వేదిక క్షేమం కాదంటే, దాన్ని బాగుచేసుకోవాల్సింది మీరేనని మంత్రి అనికా వెల్స్ బదులిచ్చారు. ఆవిడ మాటే సబబు. పెద్దలకు మాత్రమే అయిన వీడియోకి వయసు అడగండి, కాదనం. నాలుగో తరగతి భిన్నాల పాఠానికి అదే తాళం ఎందుకు?

ఇక అందరికీ ఫోన్లో ఖాతా ఎలాగూ ఉంది కదా అన్న మాట. ఇది వినడానికి చాలా మామూలుగా ఉంటుంది, మన దేశంలో దీనంత అబద్ధం మరొకటి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్నవాళ్లు 54 శాతమే. మిగతావాళ్ల చేతికి ఫోను వచ్చిందంటే అది భర్తదో, మామగారిదో, కొడుకుదో. అందులో ఉన్న ఖాతా కూడా వాళ్లదే. ఆ ఖాతాతో చూసిన ప్రతి వీడియో చరిత్రలో నమోదవుతుంది. అదే ఖాతా హాల్లో టీవీలోనూ ఉంటే, ఆమె మధ్యాహ్నం చూసినదాన్ని పోలిన వీడియోలు సాయంత్రం అందరి ముందూ వరసకడతాయి. గృహహింస చట్టం కింద ఫిర్యాదు ఎలా చేయాలో చూసిన మనిషికి, గర్భనిరోధక సాధనాల గురించి డాక్టరు చెప్పింది విన్న మనిషికి, బ్యాంకులో సొంత ఖాతా ఎలా తెరవాలో తెలుసుకున్న మనిషికి అది ఎంత ప్రమాదమో విడమరిచి చెప్పనక్కర్లేదు. అలాంటివాళ్లకు ఖాతా లేకుండా చూడగలగడమే ఉన్న ఒక్క చాటు. బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరుచుకునేది అందుకే, బాట్ తెర ఎక్కువగా అడ్డుపడేదీ అలా వచ్చేవాళ్లకే. సొంతంగా ఖాతా తెరుచుకోవచ్చు కదా అంటే, దానికి తరచూ ఫోను నంబరు అడుగుతారు, ఓటీపీ మళ్లీ ఆ ఇంటి ఫోనుకే వస్తుంది.

ప్రైవేటు సంస్థ తన తలుపు తనిష్టం అనే మాటకు కొంత బలం ఉంది, అది తన సొంత సరుకు చూపిస్తున్నంతవరకు. కానీ అక్కడ ఉన్నది ప్రజల సరుకు కూడా. ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు, తెలంగాణలో టీ-శాట్ పాఠాలు, పార్లమెంటు ప్రసారాలు, కోర్టు విచారణలు. 2018లో విచారణల ప్రత్యక్ష ప్రసారానికి సుప్రీంకోర్టు పచ్చజెండా ఊపింది. 2022 సెప్టెంబరు 27న రాజ్యాంగ ధర్మాసనం విచారణలు ప్రసారమైనప్పుడు అవి ప్రభుత్వ ఎన్‌ఐసీ వెబ్‌కాస్ట్ పేజీలో వచ్చాయి, చూడ్డానికి ఎవరూ పేరు చెప్పలేదు. యూట్యూబ్ లాంటి వేదికలకు కోర్టు ప్రసారాలను అప్పగించకూడదని అప్పట్లో పిటిషను పడితే, సొంత వేదిక ఏర్పాటు చేసుకుంటామని ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్ ధర్మాసనం చెప్పింది. అయినా కోర్టుకు యూట్యూబ్ ఛానెల్ ఉండేది, 2024 సెప్టెంబరులో అది హ్యాకర్ల చేతిలో పడి, క్రిప్టో కరెన్సీ ప్రచారం ప్రసారం చేసింది. ప్రజల సొమ్ముతో తీసిన ప్రతి వీడియోకి ప్రభుత్వ సర్వర్ మీద లాగిన్ లేని ఒక ప్రతి ఉండాలని ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు నిబంధన పెట్టుకోవాలి. యూట్యూబ్‌లోనూ పెట్టుకోవచ్చు, అక్కడ మాత్రమే పెట్టకూడదు.

మిగిలిన వీడియోలకు చట్టం ఇప్పటికే ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని ఆరో సెక్షన్, చెప్పిన పనికి అవసరమైన డేటాకే సమ్మతి చెల్లుతుందంటుంది. అక్కడే ఒక ఉదాహరణ కూడా ఇచ్చింది. ఇంటి నుంచి డాక్టరును సంప్రదించే యాప్, వైద్యంతో పాటు ఫోన్లోని నంబర్ల జాబితా కూడా చూస్తానంటుంది. దాన్ని వాడే మహిళ రెండింటికీ సరేనంటుంది. అయినా వైద్యానికి నంబర్ల జాబితా అక్కర్లేదు కాబట్టి, సమ్మతి వైద్యం వరకే చెల్లుతుందని చట్టం తేల్చింది. ఆ చట్టం కింది నిబంధనలను 2025 నవంబరులో నోటిఫై చేశారు. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. ఆ ఉదాహరణలో యాప్ ఉన్న చోట వీడియో వేదికను, నంబర్ల జాబితా ఉన్న చోట చూసేవాళ్ల పేరును పెట్టి, ఆ చట్టం కింది డేటా రక్షణ బోర్డు ముందుకు తీసుకెళ్లే మొదటి ఫిర్యాదును సిద్ధం చేసుకోవడానికి అప్పటిదాకా వ్యవధి ఉంది.