కొండవాలున పొంచి ఉన్న మంచు

మంచు అనగానే మనకు పుష్యమాసపు తెల్లవారుజామున గడ్డిపరకల మీద మెరిసే బిందువులు జ్ఞాపకం వస్తాయి. చలిదేశాల కొండల మీద కురిసే మంచు తీరు వేరు. శీతకాలమంతా అది పొరమీద పొరగా మీటర్ల ఎత్తున పేరుకుంటుంది. ఒక్కొక్కప్పుడు ఆ మంచు హఠాత్తుగా తెగి వాలు వెంట దూసుకువస్తుంది. దీనినే హిమసంపాతం అంటారు.

2003 ఫిబ్రవరి 1న కెనడాలోని రోజర్స్ కనుమ దగ్గర మీ ఈడు పిల్లలే, పదవ తరగతి విద్యార్థులు 14 మంది, ముగ్గురు పెద్దలతో కలిసి స్కీల మీద ప్రయాణిస్తున్నారు. పైనుంచి వచ్చిన హిమసంపాతం 17 మందినీ ముంచెత్తింది. ఏడుగురు విద్యార్థులు చనిపోయారు. వారు నిటారు వాలు ఎక్కడం లేదు. లోయ అడుగున నడుస్తున్నారు. వారి దగ్గర రక్షణ పరికరాలూ ఉన్నాయి. మరి ప్రమాదం ఎలా జరిగింది?

మంచు ఎందుకు తెగుతుంది?

మంచు దొంతరలో అడుగుభాగం నేల వేడివల్ల కాస్త వెచ్చగా ఉంటుంది. పైభాగం చలిగాలికి బాగా చల్లబడుతుంది. ఈ తేడావల్ల నీటిఆవిరి కిందినుంచి పైకి కదిలి, మంచు రేణువులు కొత్త స్ఫటికాలుగా మారుతాయి. ఇవి పంచదార పలుకుల్లా ఒకదానికొకటి అంటుకోవు. ఇదే బలహీనమైన పొర. దానిమీద కొత్త మంచు కురిసి, గాలికి గట్టిపడి, పలకలా తయారవుతుంది. ఇక ఒక మనిషి బరువు చాలు, బలహీనపు పొర కూలి, పలకంతా జారిపోవడానికి! కొత్తగా కురిసిన మంచు బరువుకు దానంతటదే తెగవచ్చు కూడా.

ఒక చిన్న ప్రయోగం చేయండి. చెక్కపలక మీద గరుకు గుడ్డ పరచి, దానిపై పుస్తకం ఉంచి, పలకను మెల్లగా ఎత్తండి. పుస్తకం ఏ కోణం వద్ద జారిందో కోణమానినితో కొలవండి. తరువాత గుడ్డ తీసివేసి, పలక మీద ఆవాలు చల్లి, పుస్తకం పెట్టి మళ్లీ ఎత్తండి. తేడా మీకే తెలుస్తుంది.

వాలు కోణం కూడా ముఖ్యమే. 30 డిగ్రీల సైన్ విలువ సగం కదా! అంటే ఆ వాలు మీద మంచు బరువులో సగం దానిని కిందికి లాగుతుంది. మరీ నిటారైన వాలు మీద మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. అందుకే పలక హిమసంపాతాలు ఎక్కువగా 30, 45 డిగ్రీల మధ్య వాలులలో మొదలవుతాయి. కాని అవి అక్కడితో ఆగవు, లోయలోకి పరుగెత్తుతాయి. ఆ విద్యార్థుల విషయంలో జరిగింది ఇదే.

శిక్షణలో ఏమి నేర్పుతారు?

మంచుకొండలలో విహారానికి వెళ్లేవారికి ఇచ్చే ప్రాథమిక శిక్షణ రెండు మూడు రోజులే. ముందుగా ఆ రోజు హెచ్చరికను చదవడం నేర్పుతారు. ప్రమాదాన్ని 1 నుంచి 5 వరకు అంచెలుగా సూచిస్తారు. తరువాత వాలు కోణం కొలవడం, తమ తలపైన ఏ వాలు ఉందో చూడడం నేర్పుతారు. కాలికింద మంచు 'ధుమ్' మన్నా, పగుళ్లు పాకినా వెంటనే వెనుదిరగాలి. అనుమానమున్న చోట ఒక్కొక్కరే దాటాలి.

మంచును పరీక్షించే పద్ధతి కూడా ఉంది. గొయ్యి తవ్వి, 30 సెంటీమీటర్ల వెడల్పున మంచు స్తంభం చెక్కి, దానిపై పార పెట్టి తడతారు. మణికట్టు కదుపుతూ 10 సార్లు, మోచేతితో 10 సార్లు, భుజంతో 10 సార్లు. కొద్దిదెబ్బలకే స్తంభం తెగితే ఆ వాలు నమ్మదగినది కాదు.

ఇక మూడు పరికరాలు. ఒంటికి కట్టుకునే చిన్న రేడియో 457 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో సంకేతాలు పంపుతుంది. ఎవరైనా కూరుకుపోతే మిగిలినవారు తమ రేడియోలను వెదికే స్థితికి మార్చి ఆ సంకేతం పట్టుకుంటారు. పొడవాటి కడ్డీతో గుచ్చి చోటు తెలుసుకుని, పారతో తవ్వుతారు. ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది. లోపలివారు వేలు కూడా కదపలేరు. పూర్తిగా కూరుకున్నవారిని 10 నిమిషాలలో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురిలో ఒకరే. దూరం నుంచి సహాయం వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. పక్కనున్న మిత్రుడే ప్రాణదాత. అందుకే ఈ వెదుకులాటను మళ్లీ మళ్లీ అభ్యాసం చేయిస్తారు.

అయినా పరికరాలు హిమసంపాతాన్ని ఆపలేవు. ఎక్కడికి వెళ్లకూడదో ముందే నిర్ణయించుకోవడమే శిక్షణలో అసలు పాఠం. ఆ దుర్ఘటన తరువాత కెనడా జాతీయ ఉద్యానవనాల సంస్థ మంచు దారులను ప్రమాదాన్ని బట్టి మూడు తరగతులుగా విభజించింది. పిల్లల బృందాలు ఎక్కడికి వెళ్లవచ్చో నియమాలు పెట్టింది.

మన హిమాలయాలలోనూ ఈ ముప్పు ఉంది. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం వద్ద శిక్షణలో ఉన్న పర్వతారోహకులు 20 మందికి పైగా మరణించారు. మన రక్షణ పరిశోధన సంస్థ హిమాలయ ప్రాంతాలకు హిమసంపాత హెచ్చరికలు ఇస్తుంది. మీలో ఎవరైనా రేపు హిమాలయ యాత్రకు బయలుదేరితే మీ మార్గదర్శకుణ్ణి మూడు ప్రశ్నలు అడగండి: ఈ రోజు హెచ్చరిక ఎంత? మన పైనున్న వాలు ఎంత? మనలో ఒకరు కూరుకుపోతే వెదికి తీయడం ఎవరెవరికి వచ్చు? సరైన జవాబు దొరకకపోతే ఆ రోజుకు ప్రయాణం మానుకోండి.