ట్రైలరు వెనుక దీపం వెలగకపోతే

కోతల రోజుల్లో ట్రాక్టరు పని పొద్దుగూకడంతో ఆగదు గదా! బస్తాలు ఎత్తడానికి చీకట్లోనే ట్రైలరును కళ్లంలోకి వెనక్కి నడపవలసి వస్తుంది. కుప్పకు కాపలాగా గోనెపట్టా పరచుకొని అక్కడే నిద్రించేవారుంటారు. పిల్లలు తిరుగుతుంటారు. అందుకే ట్రైలరు వెనుక రెండు రివర్సు దీపాలు అదనంగా పెట్టించుకోవడం మంచిది. అయితే కొన్నాళ్లకే అవి మిణుకుమిణుకుమంటాయి, లేదా అసలు వెలగవు. బల్బు మార్చినా ఫలితముండదు. కారణమేమిటి?

కాలువ నీరు చివరి మడికి చేరితే మన పని తీరినట్లే. విద్యుత్తు సంగతి అలా కాదు. బ్యాటరీనుంచి బయలుదేరినది దీపాన్ని వెలిగించి, మళ్లీ బ్యాటరీకి తిరిగి రావలెను. ఈ తిరుగుదారినే ఎర్త్ అంటారు. చాలాచోట్ల వెళ్లే తీగను శ్రద్ధగా వేసి, తిరుగుదారిని ట్రైలరు ఇనుముకే వదిలేస్తారు. అప్పుడది కొక్కెం, పిన్ను మీదుగా ట్రాక్టరుకు చేరాలి. అక్కడేమో గ్రీజు, తుప్పు, రంగు! పిన్ను కదిలినప్పుడల్లా దారి తెగుతూ ఉంటుంది.

పరీక్షించే ముందు ట్రాక్టరుకూ ట్రైలరుకూ చక్రాల కింద దిమ్మలు పెట్టండి. హ్యాండు బ్రేకు వేయండి. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి, రివర్సు గేరు వేయండి. స్టార్టరు జోలికి ఎవ్వరూ పోకూడదు.

ఇప్పుడు ఒక పొడవాటి తీగను బ్యాటరీ నెగటివ్ కొసకు బిగించి, రెండో కొసను వెలగని దీపం ఎర్త్ తీగకు ఆనించండి. దీపం చక్కగా వెలిగిందా? అయితే లోపం తిరుగుదారిలోనే ఉన్నది. దీపాలనుంచి సాకెట్టు ఎర్త్ కాలుదాకా ప్రత్యేకంగా ఒక తీగ వేయించండి. దాన్ని బిగించేచోట ఇనుమును మెరిసేదాకా గీకించండి. రివర్సు వేస్తే వెనుక ఎర్రదీపాలు కూడా మసకగా వెలుగుతున్నాయంటే, అదీ ఎర్త్ లోపానికి గుర్తే.

అలా వెలగకపోతే, నీరందని కాలువను తూము తూమూ చూసుకొన్నట్లే చూడాలి. 12 వోల్టుల బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టితే పరీక్షదీపం సిద్ధం. ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు కట్టి, రెండో కొసతో ముందు ట్రాక్టరు వెనుక సాకెట్టును తాకండి. అక్కడ వెలిగితే ట్రాక్టరు వైపు లోపం లేదు, ట్రైలరు తీగలు చూడండి. వెలగకపోతే ఫ్యూజు, ఆ తరువాత గేరుపెట్టె మీది స్విచ్చు చూడండి. స్విచ్చులోకి వచ్చేచోట వెలిగి, బయటికి పోయేచోట వెలగకపోతే స్విచ్చు చెడిందన్నమాట.

మామూలు ఏడుకాళ్ల సాకెట్టులో రివర్సు దీపానికని కేటాయించిన కాలు ఉండదు. మీ మెకానిక్కు ఏ కాలు వాడాడో అడిగి వ్రాసుకోండి. మరో ట్రైలరు తగిలించినప్పుడు తీగలు తారుమారయ్యేది ఇక్కడే.

ఎల్.ఇ.డి. దీపమైతే పాజిటివ్, నెగటివ్ తిరగబడినా వెలగదు. పారవేసే ముందు తీగలు మార్చి చూడండి.

21 వాట్ల బల్బులు రెండింటికి 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు కావాలి. కాబట్టి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, 7.5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. సన్నని తీగ వేస్తే వెలుగు మసకబారుతుంది. మలుపు తిరిగినప్పుడు దీపం ఆరిపోతుంటే, కొక్కెం దగ్గర తీగ బిగుతుగా ఉండి లాగుకుంటున్నదేమో చూసి, కొంత వదులు ఇవ్వండి.

ఫ్యూజు పదేపదే పోతుంటే, ఎక్కడో తీగ తొడుగు ఒరిసి ఇనుమును తాకుతున్నదన్నమాట. ఆ చోటు వెదకాలేగాని, ఫ్యూజుకు బదులు రాగిపోచ చుట్టకండి! తీగ కాలి, ట్రైలరులోని గడ్డిమోపులు అంటుకోగలవు.

గ్రామాల్లో తిరిగే విస్తరణ కార్యకర్తలు ఈ పరీక్షదీపాన్ని ఒకసారి చేసి చూపితే, రైతులకు ఎంతో మేలు చేసినవారవుతారు.

చివరగా ఒక్కమాట. దీపం బాగుపడింది గదా అని వెనుక నిలబడి చేయి ఊపే మనిషిని మానిపించవద్దు. దీపం దారి చూపుతుందేగాని, నిద్రపోయేవారిని లేపదు.