రసాల ఊళ్లో జాజ్ పెడితే...

ఈ మధ్య ఏ ఊళ్లో కొత్త కెఫే తెరిచినా మూడు విషయాలు కామన్. గాజు తలుపు, పసుపు రంగు బల్బులు, వెనక సన్నగా జాజ్. హైదరాబాద్, విజయవాడ దాటి ఈ ట్రెండ్ ఇప్పుడు చిన్న పట్టణాలకూ వచ్చేసింది. నూజివీడులో మా పిన్ని నడిపే జ్యూస్ కొట్టు దాకా వచ్చింది!

కొట్టు అంటే పెద్దదేం కాదు. పది అడుగుల వెడల్పు, నాలుగు స్టూళ్లు, రెండు మిక్సీలు. వేసవిలో మామిడి జ్యూస్, మిగతా రోజుల్లో తాండ్ర, పచ్చళ్లు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని, వర్క్ ఫ్రమ్ హోమ్. 'సినిమా పాటలు అన్ని కొట్లలోనూ మోగుతున్నాయి. మనకేదైనా వేరేది చూడరా' అని పిన్ని ఆ పని నాకు అప్పజెప్పింది. జాజ్ అంటే నాకిష్టం కాబట్టి అటే వెళ్లా. అయితే ఇయర్‌ఫోన్స్‌లో వినడం వేరు, నలుగురు వచ్చే చోట పెట్టడం వేరు.

పాట జేబుతోనూ మాట్లాడుతుంది

షాపులో పాట మీద పరిశోధనలు ఎప్పటినుంచో ఉన్నాయి. అమెరికాలో రొనాల్డ్ మిల్లిమన్ అనే ప్రొఫెసర్ 1982లో ఒక సూపర్‌మార్కెట్‌పై చేసిన అధ్యయనం చాలా ఫేమస్. నెమ్మదైన సంగీతం పెట్టిన రోజుల్లో జనం నెమ్మదిగా నడిచారు. వేగంగా ఉన్న సంగీతంతో పోలిస్తే అమ్మకాలు 38 శాతం దాకా ఎక్కువగా నమోదయ్యాయి. 1993లో అరేని, కిమ్ అనే ఇద్దరు ఒక వైన్ షాపులో ఇంకోటి గమనించారు. హిట్ పాటలకు బదులు శాస్త్రీయ సంగీతం పెడితే జనం ఖరీదైన సీసాలు కొన్నారట. ఎన్ని కొన్నారన్న లెక్క మారలేదు, ఎంత ఖరీదైనవి కొన్నారన్నదే మారింది.

ఇది చదివి 'అయితే పెట్టేద్దాం' అనిపిస్తుంది కదా? ఇక్కడే ఓ మెలిక ఉంది. 'ఇది ఖరీదైన చోటు' అని పాట చెప్పగలిగితే, ఆ మాట అందరికీ వినిపిస్తుంది. కొనేవాడికి వినిపించినట్టే, జేబు తడుముకునేవాడికీ వినిపిస్తుంది.

అసలు పరీక్ష గుమ్మం దగ్గర

నూజివీడు అంటే చిన్న రసాలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊరంతా మామిడే. ఆ రోజుల్లో మా కొట్టుకొచ్చేది ట్రిపుల్ ఐటీ స్టూడెంట్లు మాత్రమే కాదు. కోతకెళ్లి వచ్చే కూలీలు, లోడు దింపిన డ్రైవర్లు, తోటల రైతులు కూడా. స్టూడెంట్‌కి జాజ్ అంటే 'కూల్'. చెమటతో వచ్చిన మనిషికి అదే పాట 'ఇది మన చోటు కాదేమో' అన్నట్టు వినిపించొచ్చు. చెట్టెక్కి కాయ కోసిన మనిషి, ఆ కాయ రసం తాగడానికి గుమ్మం దగ్గర సంకోచించాల్సి వస్తే అంతకన్నా అన్యాయం ఏముంటుంది?

ఆఫీసులో అయితే ఏ/బీ టెస్ట్ పెట్టేవాణ్ని. ఇక్కడ కుదరదు. ఒకరోజు మండే ఎండ, ఒకరోజు గాలివాన, ఒకరోజు పెళ్లి ముహూర్తం. అమ్మకం దేనివల్ల పెరిగిందో తేల్చలేం. పిన్ని కొలత దీనికంటే సింపుల్. 'మనిషి నేరుగా లోపలికొస్తున్నాడా, గుమ్మం దగ్గర ఆగి చూస్తున్నాడా? ఆగితే ఆ పాట తీసెయ్.'

ఆ కొలతతో మొదట పోయినవి బాగా నెమ్మదైన శాక్సోఫోన్ ముక్కలు. ఓ పెద్దాయన విని, 'ఏమ్మా, ఎవరైనా పోయారా?' అని అడిగాడు. టీవీలో సంతాప వార్తల వెనక వచ్చే సంగీతం అలవాటైన చెవి మరి! తర్వాత ఇంగ్లిష్ పాటలు చాలావరకు తగ్గించాం. వాయిద్యం ఒక్కటే మోగితే భాష అడ్డురాదు.

మన చెవికి చుట్టాలే

మరి ఏం మిగిలాయి? వెతికితే మన చెవికి దగ్గరివి బోలెడు. 20వ శతాబ్దం మొదట్లో న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతీయుల మధ్య జాజ్ పుట్టింది. అక్కడి వీధుల్లో ఊరేగింపులకీ, అంత్యక్రియలకీ వాయించే బ్రాస్ బ్యాండ్లు దాని వేళ్లలో ఒకటి. ట్రంపెట్, క్లారినెట్, డ్రమ్... మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం మోసుకొచ్చేవీ ఇవేగా! మేళంలో క్లారినెట్ వాయించే ఒకాయన ఓ సాయంత్రం జ్యూస్ గ్లాసు పట్టుకుని పాట అయ్యేదాకా కూర్చున్నాడు. 'వీళ్లు ఏ ఊరి మేళం బాబూ?' అని అడిగాడు. జాజ్ గురించి నేను చదివిన పేజీలన్నిటికన్నా ఆ ప్రశ్న నాకు ఎక్కువ చెప్పింది.

మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో 'సో వాట్' ఉంది. అది నడిచే డోరియన్ మెట్లు మన ఖరహరప్రియ రాగం స్వరాలే. త్యాగరాజు 'చక్కని రాజమార్గము' ఏ స్వరాల మీద నడిచిందో ఇదీ వాటి మీదే. అదే ఏడాది డేవ్ బ్రూబెక్ బృందం విడుదల చేసిన 'టేక్ ఫైవ్' అయిదు దెబ్బల లెక్క. మన ఖండ చాపు కూడా అయిదే. విరుపు కాస్త వేరు, మనం రెండు-మూడుగా లెక్కేస్తే అది మూడు-రెండుగా నడుస్తుంది. అంతకు ముందు సంవత్సరమే బ్రూబెక్ బృందం మన దేశం తిరిగి, మద్రాసులోనూ వాయించి వెళ్లింది.

ఇంకా దగ్గరికొస్తే మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్. 1983లో, పద్నాలుగేళ్ల వయసులో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో కర్ణాటక సంగీతం వినిపించాడు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి'లో వాయించాడు. జాజ్ వేదిక మీద గోదావరి జిల్లా చెయ్యి అది. 2014లో వెళ్లిపోయాడు. కొట్టులో మాండలిన్ మోగినప్పుడు 'ఎవరిది?' అని అడిగేవాళ్లే ఎక్కువ.

గంటను బట్టి పాట

మిల్లిమన్‌దే 1986లో ఇంకో అధ్యయనం ఉంది. రెస్టారెంట్‌లో నెమ్మదైన సంగీతం పెడితే జనం సగటున 56 నిమిషాలు కూర్చున్నారు, వేగంగా ఉంటే 45 నిమిషాలు. పెద్ద హోటల్‌కి ఇది లాభమే. నాలుగు స్టూళ్లున్న కొట్టుకి మే నెల మధ్యాహ్నం నష్టం! అందుకే మధ్యాహ్నం హుషారైనవి, సాయంత్రం నెమ్మదైనవి. రసం పండు కోసుకు తినేది కాదు, మెత్తగా పిసికి జుర్రుకునేది. దానికి టైమ్ కావాలిగా.

సౌండ్ సంగతి: కౌంటర్‌కి అటూ ఇటూ ఉన్న ఇద్దరు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగాలి. మిక్సీ తిరిగినప్పుడు పాట వినపడదు, వినపడక్కర్లేదు కూడా. లిస్టు మాత్రం పొడుగ్గా ఉండాలి. కస్టమర్ పది నిమిషాలుంటాడు, పిన్నీ, కొట్టులో పనిచేసే కుర్రాడూ పది గంటలుంటారు. గంట లిస్టుని పదిసార్లు తిప్పితే వాళ్లకది పాట కాదు, శిక్ష.

ఫోన్‌లో ఉంది కదా అని...

ఇది చాలామంది పట్టించుకోని విషయం. మన ఫోన్‌లోని స్పాటిఫై లాంటి యాప్ అకౌంట్ సొంతంగా వినడానికే, వ్యాపారానికి కాదు. షాపులో పాట పెట్టడం అంటే చట్టం దృష్టిలో బహిరంగంగా వినిపించడం. దానికి లైసెన్స్ కావాలి. పెళ్లి వేడుకలకు కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది, జ్యూస్ కొట్టుకి లేదు.

ఒక పాటకి రెండు తాళాలుంటాయి. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. బాణీ మీద హక్కు కట్టినవాళ్లు చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. ఈ లెక్కన 1959 నాటి 'టేక్ ఫైవ్' రికార్డింగ్ తాళం మన దేశంలో 2020లో తెరుచుకుంది. బాణీ కట్టిన పాల్ డెస్మండ్ పోయింది 1977లో కాబట్టి రెండో తాళం 2037 చివరిదాకా ఉంటుంది. బాణీలకు ఐపీఆర్ఎస్, కొత్త రికార్డింగులకు పీపీఎల్ లాంటి సంస్థలు లైసెన్స్ ఇస్తాయి.

రెండు తాళాలూ తెరుచుకున్నవీ ఉన్నాయి. ఫ్యాట్స్ వాలర్ పియానో మీద వాయించిన 'హ్యాండ్‌ఫుల్ ఆఫ్ కీస్' (1929), జాంగో రైన్‌హార్ట్ గిటార్ 'న్యువాజ్' (1940), క్లిఫర్డ్ బ్రౌన్ ట్రంపెట్ 'జాయ్ స్ప్రింగ్' (1954). పాత రికార్డింగుల సొంత కాపీ పెట్టుకుంటే హాయిగా వినిపించొచ్చు. మా లిస్టు మొదలైంది వీటితోనే. మాండలిన్ కోసం, 'టేక్ ఫైవ్' కోసం లైసెన్స్ తీసుకున్నాం.

మీ ఊళ్లో మీరూ ఓ కొట్టు పెడుతుంటే, ప్లేలిస్ట్ నొక్కే ముందు ఒక్కసారి బయటికొచ్చి రోడ్డు మీద నిలబడండి. లోపలి పాట వినండి. మీ అమ్మో, తాతయ్యో, మీ వీధి ఆటో అన్నో ఆ పాట వింటూ తడబడకుండా లోపలికొస్తారా? వస్తారనిపిస్తే అది జాజ్ అయినా, జానపదమైనా మీ కొట్టుకి సరిపోయిన పాటే.